హారతి పాడని సప్తాహం

నేను కల్వకుర్తి పోయి వచ్చి నెల దాటింది. ఎక్కడికి పోయావని, పోయిన పని అయిందా అని ఇంతవరకు ఒక్కరు అడగలేదు. మా పక్కింటివాళ్ళ ఎద్దు తప్పిపోయి దొరికితే ఊరంతా పోయి ఎద్దును పలకరించి వచ్చారు. నేను వారంపాటు ఇంట్లో లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసినట్టే లేదు. ఇదివరకు యాదగిరిగుట్ట యాత్ర గురించి శ్రద్ధగా రాసి ఒక పత్రికకు పంపాను. వేయలేదు. వేయము అని ఒక ముక్క కూడా రాయలేదు. అయినా మళ్ళీ రాస్తున్నాను. ఈసారి రాసేది చదివి పక్కన పెట్టడానికి కాదు. చదివినవాళ్ళలో కొందరు నాకు జవాబు చెప్పవలసి ఉంది.

కేతేపల్లి

మా ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడు కృష్ణ కింద ఉంది. నందికొండ దగ్గర కట్ట లేస్తున్నప్పుడు మేమూ లేవవలసి వచ్చింది. కొందరు కల్వకుర్తి పోయారు. కొందరు నందికొండలోనే పనికి కుదిరారు. కొందరు దేవరకొండలో, కొందరు మిర్యాలగూడలో తేలారు. నేను మా అత్తగారి ఊరు కేతేపల్లి చేరాను. నా పేరు చంద్రయ్య అయినా ఇక్కడ అట్లా ఎవరూ అనరు. ముంపు చంద్రయ్య అంటారు. పొలం కొన్నాను, బావి తవ్వించాను, వీళ్ళ పెండ్లిళ్ళకు, చావులకు పోయాను. ఇంకా ముంపు చంద్రయ్యనే. శనివారం భజనలో వెనక వరసలో కూర్చుంటాను. తాళాలు ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా నా దాకా రాలేదు. ముందు వరసలో కూర్చునే ఇద్దరికి తాళం నిలవనే నిలవదు. అయినా వానలు లేని ఈ రెండేండ్లలో ఒక్క శనివారం కూడా మానలేదు. బావి అడుగు కనిపించిన రోజున కూడా పోయి కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే గుండె కొంచెం కుదుటపడుతుంది. వాళ్ళ మీద కోపం మాత్రం పోదు.

మా ఊళ్ళో ఏటా శ్రీరామనవమికి ముగిసేట్టు సప్తాహం చేసేవాళ్ళం. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు రామనామం ఆగకూడదు. కంచు తాళాలు నేల తాకకూడదు. ఇంటికొక జాము వంతు. పాడేవాడు తన జాము అయిందని లేవకూడదు, తర్వాతివాడిని పిలవకూడదు. తీసుకునేవాడే వచ్చి ఎదురుగా కూర్చోవాలి. అప్పుడు ఇచ్చేవాడు ముందు ఒక తాళం ఇస్తాడు. ఒక్క దెబ్బకు ఇద్దరి చేతుల్లో చెరొక తాళం ఉంటుంది. ఆ దెబ్బ ఇద్దరూ కలిసి కొట్టాలి. తర్వాత రెండోది కూడా ఇచ్చేసి లేస్తాడు.

చివరి జాము మా ఇంటిది. తెల్లవారేటప్పుడు మంగళహారతి పాడేదీ మా ఇల్లే. ఆ హారతి మా తాత కట్టింది. దానిలో మూడో చరణమంతా ఊళ్ళోని జాగాల పేర్లు. ఒక్కో పేరు వచ్చినప్పుడు ఆ జాగా ఇంటివాళ్ళు ముందుకు వచ్చి పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వేస్తారు. చరణం ముగిసేసరికి పళ్ళెం నిండా మంట. చిన్నప్పుడు ఆ వేడికి ముఖం తిప్పుకునేవాణ్ణి.

మా నాయిన పోయిన మరుసటి ఏడు ఆ వంతు నాకు వచ్చింది. అదే ఊళ్ళో చివరి సప్తాహం. సామాను, మనుషులు లారీల్లో పోవచ్చు కానీ గొడ్లను నడిపించుకు పోవలసిందే. నేను ముందుగా వాటిని తోలుకుని కేతేపల్లిలో కట్టేసి, నవమి తెల్లవారుజాముకు తిరిగి ఊరు చేరాను. పందిరి ఉంది, మామిడాకులు ఉన్నాయి, మనుషులు లేరు. లారీలు అనుకున్నదానికంటే ముందే వచ్చాయట. నా ముందు జాము మా బావ వెంకటయ్యది, అంటే మా అక్క లచ్చమ్మ పెనిమిటిది. బావది మంచి గొంతు. దానికి తగ్గ ఆశ కూడా ఉంది. తొందరలో నా హారతి ఆయనే పాడి ముగించి ఉంటాడని అప్పుడే అర్థమైంది. ఆ రోజునుంచి వాళ్ళ గడప తొక్కలేదు. వాళ్ళ పెద్దబిడ్డ పెండ్లికి పసుపు పెట్టిన పత్రిక వచ్చినా పోలేదు.

మరి ఇప్పుడెందుకు పోయాను? ఒకనాడు చెలకలో పల్లికాయ తవ్వుతూ ఆ హారతి నాలో నేనే పాడుకుంటున్నాను. రెండు చరణాలు వచ్చాయి. మూడోది రాలేదు. ఇల్లు చేరాక ప్రయత్నించాను, రాలేదు. మరునాడూ రాలేదు. ఊరు పోయింది, జాగాలు పోయాయి, ఇప్పుడు వాటి పేర్లు కూడా నా నోట్లోంచి పోయాయి. ఆ చరణం తెలిసినవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి తెచ్చుకోవాలని మూట కట్టాను. నా భార్య సత్తెమ్మ సజ్జరొట్టెలు, వెల్లుల్లి కారం కట్టిచ్చి అంది:

"అక్క మొకం చూడక ఎన్నేండ్లాయె. గిప్పుడు పాట కోసం పోతవా? పో. పాట దొరకకున్నా మనిషన్న దొరుకుతది."

కల్వకుర్తి పోతున్నానని నేను అనలేదు. నందికొండ అని మాత్రమే చెప్పాను.

నల్లగొండ

నల్లగొండలో చాయ్ పదిహేను పైసలు చేశారు. గ్లాసు కూడా చిన్నదైంది. అదేమని అడిగితే గల్లా దగ్గర కూర్చున్నతను నా వైపు చూడకుండానే చక్కెర ధర పెరిగిందన్నాడు. పెరిగితే చక్కెర తగ్గించాలి గాని గ్లాసు తగ్గించడమేమిటి?

బస్సులో నా పక్కన గుంటూరు వైపు పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో వెదురు బుట్ట. మీదే ఊరండీ అని అడిగాడు. మా ఊరు నీళ్ళల్ల ఉన్నదని చెప్పాను. వేళాకోళం అనుకుని నవ్వాడు. తర్వాత కాలువలు వచ్చాక తమ మెట్టపొలాలన్నీ మాగాణి అవుతాయని, వాళ్ళమ్మ బతికుండగా ఇంటి వెనక వరిపైరు చూస్తుందని చాలాసేపు సంతోషంగా చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. హాలియా దాటాక ఆయనకు ఏం తోచిందో, నిజంగానే నీళ్ళలో ఉందాండీ అని మెల్లగా అడిగాడు. ఉందన్నాను. బుట్ట విప్పి పులిహోర సగం నా రొట్టె మీద పెట్టాడు. చింతపండు పులుసు మా ఇండ్లలో కంటే తియ్యగా ఉంది. దిగేదాకా మళ్ళీ కాలువల మాట ఎత్తలేదు. వచ్చేటప్పుడు తాను తెచ్చుకున్న మాటలన్నీ నేను చెడగొట్టానని ఆయన అనుకుని ఉంటాడు.

నందికొండ

నందికొండలో యాదగిరి ఉన్నాడు. మా ఊళ్ళో వాళ్ళ ఇల్లు గుండ్లరేవు మీద ఉండేది. వాళ్ళ నాయిన రేవులో గుండ్రటి పుట్టిపడవ నడిపి మనుషులను ఏరు దాటించేవాడు. యాదగిరి వరసకు నాకు కొడుకు. ఇప్పుడు కట్ట మీద కాపలా పని చేస్తున్నాడు. ఖాకీ నిక్కరు, టార్చిలైటు, కొంచెం పొట్ట. నన్ను చూసి సంతోషించాడు, అది అబద్ధమని అనను. కట్ట మీదికి తీసుకుపోయి నీళ్ళకేసి చెయ్యి చాచి, మన ఊరు అదిగో అక్కడ అన్నాడు. అది తప్పు. ఇంకా చాలా ఎగువకు, గుట్టల మలుపు అవతల ఉండాలి. నేను చెప్పాను. అతను ఒప్పుకోలేదు. ఇద్దరం నీళ్ళ ముందు నిలబడి, కనపడని ఊరు ఎక్కడుందని ఎండ దిగేదాకా వాదించుకున్నాం. చేపలు పట్టేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు.

ఆ రోజు శనివారం. కూలీల గుడిసెల మధ్య సున్నం వేసిన చిన్న అరుగు మీద రాములవారి పటం పెట్టి భజన చేస్తారు. పాలమూరు మట్టిపనివాళ్ళు, ఒంగోలు రాతిపనివాళ్ళు, అరవ మేస్త్రీలు అందరూ వస్తారు. ఒకరి మాట ఒకరికి సరిగ్గా తెలియదు. రామా అన్నప్పుడు మాత్రం గొంతులు కలుస్తాయి. నేను అలవాటుగా పోయి వెనక కూర్చున్నాను. ఎవరో తాళాలు తెచ్చి నా చేతుల్లో పెట్టబోయారు. నేను చేతులు వెనక్కి తీసుకుని, ఇది నా వంతు కాదని చెప్పాను.

పాలమూరు వైపు నుంచి వచ్చిన బాలమ్మ అనే ఆమె నా ఎదురుగా కూర్చుని ఉంది. నడుముకు బిగించిన కొంగు, చేతులకు సిమెంటు. నా వైపు తిరిగి అంది:

"ఏందే పెద్దాయినా, తాళాలు కరుస్తయా నిన్ను?"

అందరూ నవ్వారు. యాదగిరి కూడా నవ్వాడు. అది గుర్తుపెట్టుకున్నాను. తర్వాత అతను నా చెవిలో చెప్పాడు: "చిన్నాయినా, గీడ వంతులు లెవ్వు. కొత్తగ వచ్చినోనికే ముందు ఇస్తం. ఇగ వాడు మనోడైనట్టు."

కేతేపల్లిలో నేను ఇన్నేండ్లు ఎదురుచూసినదాన్ని ఇక్కడ పేరు కూడా అడగకుండా ఇస్తున్నారు. నాకు మాత్రం తీసుకోవడానికి చేతులు రాలేదు. ఎవరికైనా ఇచ్చేది నాది ఎట్లా అవుతుంది? అట్లా అనుకుని కూర్చున్నాను గాని, వాళ్ళు పాడుతున్నంతసేపు నా అరచేతులు దురద పెట్టాయి.

భజన అయ్యాక బాలమ్మ బొరుగులు, బెల్లం పంచింది. నవ్వినందుకు ఏమనుకోవద్దని నాకు రెండు పిడికిళ్ళు పెట్టింది. ఆమె పెనిమిటి పనికి వచ్చిన మొదటి ఏడే జ్వరంతో పోయాడట. తిరిగి ఊరికి పోవచ్చు కదా అని అడిగాను. "పోయి ఏం జెయ్యాలె? ఆడ వానల్లేవు, తిండి లేదు. గీ శనివారం పాట లేకుంటే గీ గుట్టల నడుమ నాకు పిచ్చి లేస్తుండె. ఆరు దినాలు మన్ను మోస్తే ఏడో దినం గిది నన్ను మోస్తది," అంది.

యాదగిరిని మూడో చరణం అడిగాను. రాగం వచ్చు, మాటలు రావన్నాడు. గుండ్లరేవు పేరు రాగానే వాళ్ళ నాయిన తడిపంచెతోనే వచ్చి కర్పూరం వేయడం మాత్రం గుర్తుందన్నాడు. నాకూ గుర్తుంది. తర్వాత అతను, కల్వకుర్తిలో అత్తకు తప్ప ఇంకెవరికీ రాదు, ఆమెను అడుగు అన్నాడు. మా అక్కే అతనికి అత్త. నేను పోనన్నాను. అప్పుడు ఒక మాట చెప్పాడు. అక్క పెద్దబిడ్డ పెండ్లికి అతను పోయాడట. తలంబ్రాలు అయ్యాయి, బువ్వబంతి అయింది, మంగళహారతి మాత్రం పాడలేదట. పెండ్లికొడుకు తరఫువాళ్ళు అలిగి విస్తళ్ళ ముందు నుంచి లేచిపోతే బతిమాలి కూర్చోబెట్టారట. ఎందుకు పాడలేదో ఎవరికీ చెప్పలేదట.

నా హారతి ఎత్తుకుపోయిన మనిషి ఇంట్లో హారతి లేకపోవడమేమిటి? ఆ మాట నన్ను పట్టుకుంది. అందుకే కల్వకుర్తి పోయాను. పాట కోసం మాత్రమే కాదు.

పొద్దున బస్సు ఎక్కేటప్పుడు యాదగిరితో అన్నాను, ఎప్పుడైనా మన ఊరివాళ్ళమంతా ఒకచోట కూడితే బాగుండునని. అతను టార్చిలైటు తుడుచుకుంటూ, "నాకిప్పుడు ఊరంటే గిదే చిన్నాయినా," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే నయముండేది.

డిండి

దేవరకొండ దాటి డిండి దగ్గరికి వచ్చేసరికి బస్సు టైరు పేలింది. రోడ్డు పక్కన తుమ్మచెట్ల కింద ఆడవాళ్ళు సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చున్నారు. మా నల్లగొండ వైపు అంగట్లో పండును ఎంచి ఇస్తారు. ఇక్కడ బేరం గంప మీదే. ఒక్క పండు కావాలంటే అమ్మరు, ఊరికే ఇస్తారు. అంత పండితే మరి ధర ఎందుకు తగ్గించరని అడిగితే ఒక ముసలామె, "ఇచ్చినప్పుడు తిని పోక లెక్కలెందుకయ్యా నీకు," అని కసురుకుంది. ఆమె కొడుకులిద్దరూ నందికొండ పనిలోనే ఉన్నారట. శనివారం భజన గురించి చెప్పాను. వాళ్ళు వస్తారా, పాడతారా, చిక్కిపోయారా అని గుచ్చిగుచ్చి అడిగింది. ఎర్రచొక్కా అబ్బాయిలు ఇద్దరు కనిపించారని, గట్టిగా పాడుతున్నారని చెప్పాను. ఎర్రచొక్కాలు ఉన్నాయి గాని వాళ్ళు ఆమె కొడుకులో కాదో నాకు తెలియదు. ఆమె ఇంకో రెండు పండ్లు ఇచ్చింది.

బస్సు బాగయిందని కండక్టరు కేకవేస్తే తొందరలో లేచి, సీటు మీద నేనే పెట్టుకున్న పండు మీద నేనే కూర్చున్నాను. కొత్త పంచె. పక్కవాళ్ళు చూసి కూడా ఒక్కరూ చెప్పలేదు. కల్వకుర్తిలో దిగి బజారంతా నడిచి పోయాక గాని ఆ సంగతి నాకు తెలియలేదు.

కల్వకుర్తి

అక్క ఇల్లు శ్రీశైలం రోడ్డుకు లోపల, పల్లికాయ మండీ వెనక. రెండు గదులు, ముందు తడికల పందిరి. అక్క వాకిట్లో చాటతో జొన్నలు చెరుగుతోంది. జుట్టు బాగా నెరిసింది. తలెత్తి చూసింది. సిగ్గుపడి పక్కకు తిరిగాను.

"పంచె ఎనుక గదేందిరా?" అంది.

సీతాఫలమని చెప్పాను.

"గంత పెద్దోనివైనవ్, కూసునేకాడ చూసుకోవద్దా," అని లేచి లోపలికి పోయి కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. చెంబు నా చేతికి ఇవ్వకుండా తానే పోసింది.

బావ పందిట్లో నులకమంచం మీద ఉన్నాడు. మెడకు ఉన్ని గుడ్డ. గొంతులో ఏదో లేచిందని హైదరాబాదు దవాఖానలో చూపించారట. ఇక మాట గుసగుసగానే వస్తుందన్నారట. ఊరంతా వినపడే గొంతు ఆయనది. దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు. వంగాను.

"నీ జాము అయ్యి ఎంత సేపైందిరా? గిప్పుడొస్తున్నవ్," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. హారతి కూడా పాడుకుని ఇంకా జామేమిటని అన్నాను. బావ పైకి చూపించాడు. దూలానికి తెల్లగుడ్డలో కట్టిన తాళాలు వేలాడుతున్నాయి.

మిగతాది అక్క చెప్పింది. లారీలు వచ్చినప్పుడు బావ తన జాములో కూర్చుని ఉన్నాడు. ఎక్కమన్నారు. ఆయన తాళాలు వాయిస్తూనే లేచాడు, వాయిస్తూనే ఎక్కాడు. సామాన్ల మీద కూర్చుని పాడాడు. డ్రైవరు ఆపమంటే ఆపలేదు. దేవరకొండ దగ్గర గొంతు పూర్తిగా పోయింది. అప్పుడు అక్క ఎదురుగా కూర్చుని తాళాలు తీసుకుంది. ఆడమనిషి తీసుకోవచ్చా అని లారీలో ఒక్కరూ అడగలేదట. కల్వకుర్తిలో దిగాక మళ్ళీ బావకు ఇచ్చింది. మనుషులు తలో దిక్కు పోయారు. రాత్రింబగళ్ళు పాడే మందీ లేరు, తిండీ లేదు. అయితే తాళాలు నేల మీద పెట్టలేదు, హారతి పాడలేదు. రోజూ దీపం పెట్టే వేళకు దించి, నామం ఒక్క వరస అని, మళ్ళీ కడతారు. సప్తాహం అయిపోలేదు. నడుస్తూనే ఉంది. అది నడుస్తుండగా ఇంట్లో ఇంకో హారతి పాడకూడదు. పెద్దబిడ్డ పెండ్లి అట్లాగే అయింది.

"గా రాత్రి లారీలు ఎక్కేదాక నీ కోసం బాట చూసినం, నువ్వు రాలే," అంది అక్క. "మొన్న కరువుల గింజలు లేవు. గీయన గొంతు పోయె. అయినా దీపం పెట్టి గా ఒక్క మాట అంటే, రేపు ఒకటున్నదనిపించేది. గంతే. గందుకే ఇడవలే."

ఇంత జరిగితే ఇన్నేండ్లలో నాకు ఒక్క కార్డు ముక్క ఎందుకు రాయలేదని అడిగాను. బావ నా చెయ్యి పట్టుకుని, "ఇచ్చేటోడు లేస్తడారా?" అన్నాడు.

అవును, ఇచ్చేవాడు లేవకూడదు. తీసుకునేవాడే రావాలి. అది నియమం. నియమం మనిషికి గాని కార్డుకు లేదని నేను ఇప్పటికీ అంటాను.

మూడో చరణం మరిచిపోయానని ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతాను? ఆ సాయంత్రం అక్క పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చరుస్తూ దానంతట అదే వచ్చినట్టు ఆ చరణం ఎత్తుకుంది. పెద్దబండ, గుండ్లరేవు, తుమ్మలచెలక, కోమటిబావి. రొట్టె తిప్పినప్పుడల్లా ఒక జాగా. నేను బయట గోడకు ఆనుకుని విన్నాను. ముగిసింది. కాసేపు ఆగి, మళ్ళీ మొదటినుంచి పాడింది, ఈసారి నిదానంగా. నాకు తెలుసని ఆమెకు తెలుసో, తెలియదని తెలుసో, నేను అడగలేదు. రొట్టెల్లోకి పచ్చిపులుసు పోసింది. మా అమ్మ వేసినట్టే ఉల్లిగడ్డ చేత్తో నలిపి వేసింది. అట్లా ఇంకెక్కడా వేయరు.

తెల్లవారి స్నానం చేసి బావ ఎదురుగా కూర్చున్నాను. అక్క తాళాలు దించి ఆయనకు ఇచ్చింది. ఆయన చేతులకు బలం లేదు. మెల్లగా వాయిస్తూ ఒక తాళం నా వైపు చాచాడు. తీసుకున్నాను. ఆ ఒక్క దెబ్బ ఇద్దరం కలిసి కొట్టాం. ఎంత చిన్నగా మోగిందంటే పక్కింటికి కూడా వినపడి ఉండదు. తర్వాత రెండోది నా చేతికి వచ్చింది. బావ మంచం మీద వెనక్కి వాలి, చాలా కాలానికి పని దిగినవాడిలాగ కండ్లు మూసుకున్నాడు.

జాము నిండా పాడాను. మండీ హమాలీలు, పక్కిండ్లవాళ్ళు వచ్చి కూర్చున్నారు. రోజూ ఒక్క వరసే వినేవాళ్ళం, ఇవాళ ఆగడం లేదేమని వచ్చారట. వచ్చినవాళ్ళు ఊరుకోలేదు, వెంట పాడారు. అక్క చిన్నబిడ్డ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆమె పెండ్లి మాఘంలో. అందుకే అక్క అంత తొందరగా పళ్ళెం తోమి పెట్టింది.

హారతి మొదలుపెట్టాను. రెండు చరణాలు అయ్యాయి. మూడోది ఎత్తాను. పెద్దబండ అన్నాను. అది బావ వాళ్ళ జాగా. అక్క బిళ్ళ వేసింది, అంటుకుంది. గుండ్లరేవు అన్నాను.

ఎవరూ రాలేదు. రావడానికి ఎవరున్నారు? పళ్ళెంలో ఒక్క బిళ్ళ మండుతోంది. హమాలీలు నా వైపే చూస్తున్నారు. ఒకతను మంచితనంతో, నేను వేయనా అని చెయ్యి చాచాడు. వద్దన్నాను. మళ్ళీ గుండ్లరేవు అన్నాను. మూడోసారి కూడా అన్నాను. ఆ బిళ్ళ ఆరిపోయింది.

నేను ముందుకు పోలేదు. తాళాలు ఆపకుండానే హారతి వదిలి నామంలోకి తిరిగి వచ్చాను. అక్కకు అర్థమై మండిపడింది. "పెద్దదాని పెండ్లి హారతి లేకుండ చేస్తి. చిన్నదానిది గూడ గట్లనే చెయ్యమంటవా? నీ పంతం నీదేనా? పాడి ముగించరా," అంది. చాలా కాలంగా ఎదురుచూసిన హారతి అది. చరణం మొత్తం నోట్లో ఉంది. పాడి ఉంటే ఎవరూ కాదనేవాళ్ళు లేరు. కాని పిలిచిన పేరుకు పలికేవాళ్ళు లేకుండా ముగిస్తే, ఊరు మునిగిందని నేను నా నోటితో చెప్పినట్టు. నీళ్ళు అంటే అననీ. నేను అనను.

బావ కండ్లు తెరవకుండానే నవ్వాడు.

తిరిగి వచ్చాక

తాళాలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి, కేతేపల్లిలో మా దూలానికి. రోజూ దీపం పెట్టే వేళకు దించుతాను. సత్తెమ్మ వెంట పాడుతుంది. పక్కింటివాళ్ళు తడిక అవతల నిలబడి వింటారు గాని ఏమిటని అడగరు.

వచ్చిన వారంలోనే మా ఊరి ఇండ్లవాళ్ళందరికీ కార్డులు రాశాను. ముక్కోటి ఏకాదశి నాడు కల్వకుర్తిలో అక్క ఇంటికి రండి, ఎవరి కర్పూరం వాళ్ళు తెచ్చుకోండి అని రాశాను. బావ కదలలేడు కాబట్టి, పాడేవాడు లేవకూడదన్న నియమం తప్పించి నేనే తాళాలు తీసుకుని అక్కడికి పోతున్నాను. నెల గడిచింది. దేవరకొండ నుంచి జవాబు లేదు. మిర్యాలగూడ నుంచి లేదు. తుమ్మలచెలకకు నేను ఉన్నాను, పెద్దబండకు అక్క ఉంది. కోమటిబావి వాళ్ళు వడ్ల వ్యాపారంలో పెద్దవాళ్ళయ్యారని విన్నాను. కార్డుకు పెట్టే పైసలు లేనంత పెద్దవాళ్ళయ్యారేమో.

యాదగిరీ, ఇది నీకు. నీకు చదవడానికి తీరిక లేకపోతే మీ మేస్త్రీ చేత చదివించుకుని విను. నందికొండే నీ ఊరంటే కాదనను. వాళ్ళు మంచివాళ్ళు, నేను చూశాను. బాలమ్మను కూడా తీసుకురా, ఆమె పాడితే నేను సంతోషిస్తాను. కాని గుండ్లరేవు దగ్గర పాట ఆగి ఉంది. మీ నాయిన లేడు, నువ్వు ఉన్నావు. నీ తర్వాతివాళ్ళు కూడా నీ వెనకనే ఆగి ఉన్నారు. మాఘంలో అక్క బిడ్డ పెండ్లి. బావ అంతవరకు ఉంటాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోయారు. వచ్చి బిళ్ళ వేస్తావా, వేయవా? రానంటే రానని చెప్పు, అది కూడా జవాబే. చూద్దామని మాత్రం చెప్పకు. ముక్కోటికి ముందే చెప్పు.